కొత్త సైటులో అఫిలియేట్ లింకు ఎక్కడ పెట్టాలి: పేరాలోనా, పట్టికలోనా, బటన్‌గానా?

కొత్త సైటుకు రోజూ వచ్చే పాఠకులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారిలో కొనే ఉద్దేశంతో వచ్చేవారు ఇంకా తక్కువ. అఫిలియేట్ లింకు, అంటే పాఠకుడు దాని ద్వారా కొంటే మీకు కమీషన్ తెచ్చే లింకు, ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న పెద్ద సైట్ల కంటే కొత్తవారికే ఎక్కువ అవసరం కావడానికి కారణం ఇదే. పేరున్న సైటు ఒక పేజీలో పది చోట్ల లింకులు పెట్టినా జనం భరిస్తారు. పేరులేని సైటు అదే పని చేస్తే, ఇదంతా కమీషన్ కోసం రాసిన రాతేనని రెండో పేరాకే తేల్చుకుని వెళ్లిపోతారు.

గాలిలో మాట్లాడకుండా ఒక సందర్భం తీసుకుందాం. తెలుగులో వంటింటి సామాను గురించి రాసే కొత్త సైటు: మిక్సీలు, వెట్ గ్రైండర్లు, కుక్కర్లు. లింకులు అమెజాన్ అసోసియేట్స్ (అమెజాన్ వారి అఫిలియేట్ పథకం) ఖాతావి. ఈ ఖాతాకు ఒక గడువు ఉంటుంది. చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అర్హమైన అమ్మకాలు జరగకపోతే ఖాతా మూతపడుతుంది. మీ లింకు మీదే మీరు కొనుక్కుంటే అది లెక్కలోకి రాదు. అంటే మొదటి ఆరు నెలల్లో మీకు కావలసింది వేల క్లిక్కులు కాదు, నిజంగా కొనే నలుగురైదుగురు మనుషులు. కింది పోలిక అంతా ఆ దృష్టితో రాసిందే.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

పాఠకుడు ఏ దశలో ఉన్నాడు? "గ్రైండర్ కొనాలా, మిక్సీతో సరిపెట్టుకోవచ్చా" అని వెతికేవాడు వేరు, "రెండు లీటర్ల గ్రైండర్లలో ఏది మంచిది" అని వెతికేవాడు వేరు. మొదటివాడికి ఇంకా సందేహమే తీరలేదు, అతని ముందు కొనుగోలు బటన్ పెట్టి లాభం లేదు. రెండోవాడికి బటన్ కనిపించకపోతే విసుగు. నన్నడిగితే మిగతా కొలమానాలన్నీ దీని తర్వాతే.

క్లిక్కుకు ఆయుష్షు ఎంత? అమెజాన్ లింకు నొక్కిన 24 గంటల్లో కొంటేనే మీకు కమీషన్. ఆ 24 గంటల్లో వస్తువును కార్ట్‌లో వేసుకుని ఉంటే మాత్రం తర్వాత దాదాపు మూడు నెలల వరకు మీ లెక్కలో ఉంటుంది. ఊరికే చూద్దామని నొక్కిన క్లిక్కు మర్నాటికి చచ్చినట్టే. అందువల్ల వ్యాసం మొదట్లోనే ఆత్రంగా పెట్టిన లింకుకు క్లిక్కులు వచ్చినా డబ్బు రాదు. నిర్ణయం తర్వాత వచ్చే ఒక్క క్లిక్కు, ముందు వచ్చే పదింటి కంటే మేలు.

ఫోను తెరలో ఎలా కనిపిస్తుంది? తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది చదివేది ఫోనులోనే. కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపించే ఆరు గడుల పట్టిక ఫోనులో పక్కకు జరుపుకుంటూ చూడవలసిన శిక్ష అవుతుంది. తెలుగులో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ, మన పదాలు పొడుగు. "శుభ్రపరచడం", "విద్యుత్ వినియోగం" అని శీర్షికలు పెడితే గడి వెడల్పంతా అవే మింగేస్తాయి.

నిర్వహణ ఎంత? గ్రైండర్ల మోడళ్లు మారుతుంటాయి, సరుకు అయిపోతుంటుంది. ఒకే వస్తువుకు పేజీలో ఐదు లింకులు ఉంటే మార్చవలసినవీ ఐదే. సైటును ఒంటిచేత్తో నడిపేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నియమాలు ఏమంటున్నాయి? అమెజాన్ ధరను మీరు చేత్తో టైపు చేసి పెట్టకూడదు. అవి గంట గంటకూ మారతాయి కాబట్టి వాళ్ల ఏపీఐ (సైట్లకు సమాచారాన్ని నేరుగా అందించే ఏర్పాటు) ద్వారా వచ్చిన ధరే చూపాలి. ఆ ఏపీఐ ఏమో అమ్మకాలు మొదలైన తర్వాతే అందుతుంది. వాళ్ల వస్తువుల ఫోటోలు దించుకుని మీ సైటులో పెట్టుకోవడం, కొనుగోలుదారుల సమీక్షలను, నక్షత్రాల రేటింగును ఎత్తిరాయడం కూడా కుదరదు. ఈ నిబంధనలు కొన్ని ఎంపికలను కొత్తవారికి నేరుగా మూసేస్తాయి. ఎలాగో ముందుముందు చూస్తారు.

## పేరా మధ్యలో లింకు

అన్నిటికంటే పాతది, అన్నిటికంటే నిరాడంబరమైనది, కొత్త సైటుకు అన్నిటికంటే నమ్మదగినది. కాకపోతే దీన్ని చాలామంది పాడుచేస్తారు.

పాడుచేసే తీరు ఇలా ఉంటుంది: "నేడు మార్కెట్లో అనేక రకాల వెట్ గ్రైండర్లు లభిస్తున్నాయి." ఇందులో "వెట్ గ్రైండర్లు" అన్న మాటకు లింకు. ఈ వాక్యం చదివినవాడికి ఏ గ్రైండరూ కొనాలనిపించదు. ఆ లింకు ఏ గ్రైండరుకు పోతుందో కూడా తెలియదు.

ఇప్పుడిది చూడండి: "ఇద్దరే ఉన్న ఇంట్లో, వారానికి ఒకసారి పిండి రుబ్బుకునేవారికి రెండు లీటర్ల గ్రైండర్ అనవసరం. సగం కూడా నిండని గిన్నెలో పప్పు అంచులకు అంటుకుంటుంది, మాటిమాటికీ గరిటెతో తోయాలి. అలాంటివారికి ఈ ఒకటింబావు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ సరిపోతుంది." లింకు చివరి వాక్యంలో, వస్తువు పేరు మీద. ముందు రెండు వాక్యాలు పాఠకుడి ఇంటిని వర్ణించాయి, మూడోది జవాబు చెప్పింది. లింకు ఉండవలసిన చోటు జవాబు పక్కనే.

తెలుగులో రాసేవారికి ఒక చిన్న జాగ్రత్త. మన విభక్తులు మాటకు అతుక్కుని ఉంటాయి. "గ్రైండర్‌ను" అన్నప్పుడు "గ్రైండర్" వరకే లింకు వేస్తే సగం మాట నీలం, సగం నలుపు అవుతుంది. చూడ్డానికి వికారం, ఫోనులో వేలితో నొక్కడానికీ ఇరుకు. మొత్తం మాటకో, ఇంకా మేలుగా "ఈ గ్రైండర్ ఇప్పటి ధర చూడండి" వంటి పూర్తి పదబంధానికో లింకు వేయండి. "ఇక్కడ నొక్కండి" అన్న దానికి మాత్రం వద్దు. ఎక్కడికి పోతున్నాడో తెలియకుండా నొక్కేవాడు కొనేవాడు కాదు.

దీని బలహీనత ఒకటే. పైపైన చూసుకుంటూ వెళ్లే పాఠకుడి కంటికి ఆనదు. పేరాలు చదవని మనిషికి పేరాలోని లింకు లేనట్టే.

## పైన పోలిక పట్టిక, లేదా "మా ఎంపిక" పెట్టె

పెద్ద సమీక్షా సైట్లు చాలావరకు దీన్నే వాడతాయి, దానికి కారణమూ ఉంది. జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ తెర మీద పాఠకులు చూసే సమయంలో 57 శాతం మొదటి తెర (కిందికి జరపకుండానే కనిపించే భాగం) మీదే గడుస్తుందని, మొదటి రెండు తెరలకూ కలిపి 74 శాతమని తేలింది. పైన పెట్టింది ఎక్కువమందికి కనిపిస్తుందన్న మాటలో అబద్ధం లేదు.

కానీ కనిపించడం వేరు, నమ్మడం వేరు. పైన పట్టిక పెట్టి "ఇదే ఉత్తమం" అంటే, ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఏళ్లుగా వస్తువులను పరీక్షించిన సైటుకు ఆ ప్రశ్నకు జవాబు దాని పేరే. నిన్న మొన్న మొదలైన సైటుకు ఆ అప్పు ఎవరూ ఇవ్వరు.

పైగా ఇందాకటి నిబంధన గుర్తుందా? ధర రాయకూడదు, రేటింగు ఎత్తిరాయకూడదు, ఫోటో దించుకోకూడదు. ఇవన్నీ తీసేస్తే పట్టికలో మిగిలేది మోడల్ పేరు, వాట్లు, లీటర్లు. అవి అమెజాన్ పేజీలోనే ఉన్నాయి. అదే సమాచారాన్ని తిరిగి పేర్చిన పేజీలను గూగుల్ సొంత విలువ లేని అఫిలియేట్ పేజీలుగా చూస్తుంది, స్పామ్ విధానాల్లో ఆ మాట పేరుపెట్టి మరీ చెప్పింది.

మరి పట్టిక పూర్తిగా వద్దా? పెట్టవచ్చు, మీ దగ్గర మాత్రమే ఉన్న సమాచారం పెడితే. కిలో మినప్పప్పు ఎంతసేపట్లో మెత్తబడింది, శబ్దానికి పక్క గదిలో టీవీ వినిపించిందా, రాళ్లు తీసి కడగడం ఒక్కరి వల్ల అవుతుందా. ఇలాంటి మూడు గడులు చాలు. నాలుగోది లింకు. ఫోనులో నాలుగుకు మించితే పక్కకు జరపక తప్పదు, జరిపినప్పుడు కనబడకుండా పోయేది చివరి గడిలోని లింకే.

## ప్రతి వస్తువు వివరణ చివర బటన్

ఒకే వ్యాసంలో నాలుగైదు వస్తువులను వరసగా పరిచయం చేసేటప్పుడు ఇది సహజంగా ఇముడుతుంది. వివరణ చదివాడు, నచ్చింది, కింద బటన్ ఉంది. నచ్చలేదు, కిందికి జరిగాడు. ఎవరికీ ఇబ్బంది లేదు.

బటన్ మీద ఏం రాస్తారన్నది ముఖ్యం. "ఇప్పుడే కొనండి" అని ఉంటే నొక్కడానికి వేలు వెనకాడుతుంది, నొక్కితే డబ్బు కట్టవలసి వస్తుందేమోనన్న శంక. "అమెజాన్‌లో ధర చూడండి" అంటే భయం లేదు, నిజం కూడా అదే. ధర మీరు రాయలేని పరిస్థితిలో ఆ లోపమే ఇక్కడ అక్కరకొస్తుంది: ధర తెలుసుకోవాలంటే నొక్కాలి. బటన్ ఎత్తు బొటనవేలికి సరిపడా ఉండాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీ (ఫోను తెర మీది కొలత) అంటాయి, అంతకు తగ్గించకండి.

ఒక్క హెచ్చరిక. బటన్‌కు ముందు ఆ వస్తువు లోపం కూడా ఒకటి రాయండి. "మూత బిగుతు, మొదటి నెల కష్టపడాలి" అని రాసిన తర్వాత వచ్చే బటన్‌కు ఉన్న విశ్వసనీయత, పొగడ్తల తర్వాత వచ్చేదానికి ఉండదు.

## ఫోటో మీద లింకు

2023 చివరి వరకు అమెజాన్ సైట్‌స్ట్రైప్ (అసోసియేట్లకు అమెజాన్ పేజీల పైన కనిపించే లింకుల పట్టీ) నుంచే ఫోటో లింకులు తీసుకునే వీలుండేది, తర్వాత తీసేశారు. ఇప్పుడు మిగిలింది మీరే తీసిన ఫోటో. పిండి మరకలతో ఉన్న మీ గ్రైండర్ ఫోటో కంపెనీ ఫోటో కంటే బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే ఫోటో నొక్కేవారిలో చాలామంది అది పెద్దదిగా కనిపిస్తుందని నొక్కుతారు, దుకాణంలోకి పోతే చిరాకుపడతారు. ఫోటోను ఫోటోగానే ఉంచి, కింద వివరణ వాక్యంలో లింకు పెట్టడం నాకు సమంజసంగా తోస్తుంది.

## సైడ్‌బార్, బ్యానర్, పాపప్

వద్దు. రైస్ విశ్వవిద్యాలయంలో బెన్వే, లేన్ అనే పరిశోధకులు 1998లోనే చూపించారు, వెతుకుతున్న సమాచారం బ్యానర్‌లోనే ఉన్నా జనం దాన్ని దాటవేస్తారని. ఫోనులో సైడ్‌బార్ వ్యాసమంతా అయ్యాక అడుగున ఎక్కడో పడుతుంది. వ్యాసాన్ని కప్పేసే పాపప్‌లున్న పేజీలను ఫోను వెతుకులాటలో వెనక్కి నెడతామని గూగుల్ 2017 జనవరి నుంచే అమలు చేస్తోంది. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగుకు 2018లో వచ్చింది. మీరు ఆ ప్రకటనలు కూడా వేసుకుని ఉంటే, మీ బ్యానర్‌ను పాఠకుడు వాటిలో ఒకటిగా జమకట్టి వదిలేస్తాడు.

## తెర అడుగున అంటుకుని ఉండే పట్టీ

పాఠకుడు ఎంత కిందికి జరిపినా కదలకుండా ఉండే సన్నని పట్టీ ఇది. ఒకే వస్తువు మీద రాసిన సమీక్షలో పనికొస్తుంది, నాలుగు వస్తువుల వ్యాసంలో ఏ వస్తువుకు లింకు ఇస్తారు? చిన్న ఫోన్లలో చదివే చోటును తినేస్తుంది. మొదటి ఆరు నెలలు దీని జోలికి పోకపోవడమే మంచిది.

## "మేం వాడే సామాను" పేజీ

ఒక్క పేజీలో మీరు నిజంగా వాడే వస్తువులన్నీ, ఒక్కోదానికి రెండు వాక్యాలు, ఒక లింకు. నిర్వహణ సులువు, లింకు మారితే ఒక్క చోటే సరిచేయాలి. కొత్త సైటుకు దీని ద్వారా అమ్మకాలు ఆశించకండి, అక్కడికి వచ్చేది ఇప్పటికే మిమ్మల్ని నమ్మినవారు. వారు తయారయ్యేసరికి పేజీ సిద్ధంగా ఉంటే చాలు.

## ఒక చూపులో

| చోటు | నిర్ణయ దశకు దగ్గర? | ఫోనులో | నిర్వహణ | కొత్త సైటుకు |
|---|---|---|---|---|
| పేరాలో | చాలా | బాగుంటుంది | మధ్యస్థం | మొదట ఇదే |
| పై పట్టిక | కొందరికే | కష్టం | ఎక్కువ | సొంత పరీక్షలుంటేనే |
| వివరణ చివర బటన్ | చాలా | చాలా బాగు | తక్కువ | తప్పక |
| ఫోటో మీద | తక్కువ | అయోమయం | మధ్యస్థం | అక్కర్లేదు |
| బ్యానర్, పాపప్ | లేదు | చెడు | తక్కువ | వద్దు |
| అడుగు పట్టీ | ఒక్కో వస్తువుకే | ఇరుకు | తక్కువ | తర్వాత |
| సామాను పేజీ | నమ్మినవారికి | బాగుంటుంది | అతి తక్కువ | పెట్టి ఉంచండి |

## మీ సైటు ఎలాంటిది?

సమీక్షలు, పోలికలు రాసేవారైతే పేరాలో ఒక లింకు, ప్రతి వస్తువు చివర ఒక బటన్. ఒక వస్తువుకు రెండు లింకులు చాలు. వ్యాసం చివర "ఎవరికి ఏది" అని తేల్చే భాగం ఉంటే అక్కడ ఇంకొకటి పెట్టవచ్చు, నేరుగా చివరికి జరిపి చదివేవారి కోసం.

వంటల సైటు అయితే కథ వేరు. వంటకం చదివే మనిషి పొయ్యి దగ్గర ఉంటుంది, చేతులకు పిండి, ఫోను డబ్బాకు ఆనించి ఉంటుంది. ఆమెకు కావలసింది మినప్పప్పు ఎంత, బియ్యం ఎంత అన్నది. తయారీ విధానంలో అంచెలంచెలకూ లింకులు పెడితే తడి వేలు తగిలి దుకాణం తెరుచుకుంటుంది, తిట్టుకుంటూ వెనక్కి వస్తుంది. కావలసిన పాత్రలు అనే చిన్న పెట్టెలో ఒకటి, మహా అయితే రెండు. అమ్మకాలను వంటకాల పేజీ నుంచి కాక, "గారెలకు మిక్సీ పిండి ఎందుకు గట్టిపడుతుంది" వంటి సందేహ వ్యాసాల నుంచి ఆశించడం నయం. అక్కడ సమస్య చెప్పి పరిష్కారంగా వస్తువు చూపించే వీలుంటుంది.

ఎలా చేయాలో నేర్పే సైటు అయితే, ఉదాహరణకు వెబ్‌సైటు కట్టడం గురించి, లింకు ఆ మెట్టు దగ్గరే ఉండాలి. డొమైన్ కొనవలసిన మెట్టు మూడోదైతే లింకు మూడో మెట్టులో. మొదట్లో పెడితే పాఠకుడు వెళ్లిపోయి తిరిగి రాడు, చివర్లో పెడితే అప్పటికే వేరేచోట కొనేసి ఉంటాడు.

పాఠకుల్లో విదేశీ తెలుగువారు ఎక్కువైతే చోటు కంటే ముందు ఇంకో చిక్కు ఉంది. మన మిక్సీలు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. డాలస్‌లో ఉన్న పాఠకురాలు మీ మాట నమ్మి ఇక్కడి మోడల్ తెప్పించుకుంటే అది అక్కడ సరిగ్గా తిరగదు. ప్రీతి వంటి కంపెనీలు అక్కడి వాడకానికి 110 వోల్టుల మోడళ్లు విడిగా చేస్తాయి. అలాంటివారి కోసం ప్రతి వివరణ కింద "అమెరికాలో ఉన్నవారికి" అని రెండో లింకు ఇవ్వండి. దానికి అమెరికా అసోసియేట్స్ ఖాతా వేరుగా తెరవాలి, భారత ఖాతా లింకు అక్కడి దుకాణంలో మీకు కమీషన్ తేదు.

## కమీషన్ సంగతి ఎక్కడ చెప్పాలి?

లింకు ఎక్కడ పెట్టినా, కమీషన్ వస్తుందన్న మాట దానికంటే ముందు కనిపించాలి. అడుగున "మా గురించి" పేజీలో దాచడం చెల్లదు. భారత్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు 2022 జూన్ 9న వచ్చాయి, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ సిఫారసులు చేసేవారి కోసం ప్రత్యేకంగా సూచనలు విడుదల చేసింది. సిఫారసు ఏ భాషలో ఉంటే కమీషన్ సంగతి చెప్పే మాటా ఆ భాషలోనే ఉండాలి. కనుక తెలుగు వ్యాసం పైన ఇంగ్లీషు వాక్యం ఒక్కటే అతికిస్తే చాలదు. అమెజాన్ అడిగే ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే ఉంచి, "ఈ లింకుల ద్వారా మీరు కొంటే మాకు కొంత కమీషన్ వస్తుంది. మీకు ధర పెరగదు" అని శీర్షిక కిందే రాయండి. లింకు కోడులో rel="sponsored" అన్న గుర్తు కూడా చేర్చాలి. డబ్బుతో ముడిపడ్డ లింకుల కోసం గూగుల్ దాన్ని 2019 సెప్టెంబరులో తెచ్చింది.

## ఏ చోటు పనిచేస్తోందో తెలిసేదెలా?

అమెజాన్ ఒకే ఖాతాలో పలు ట్రాకింగ్ ఐడీలు ఇస్తుంది. చాలామంది ఒక్కటే వాడి, ఏ అమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తల పట్టుకుంటారు. పేరా లింకులకు ఒక ఐడీ, బటన్లకు ఇంకొకటి, పట్టికకు మూడోది పెట్టుకోండి. భారత ఖాతా ఐడీలు 21తో ముగుస్తాయి, అమెరికావి 20తో. లింకు చివర చూస్తే ఏది ఎక్కడిదో అర్థమైపోతుంది, రెండూ తారుమారైనా అక్కడే దొరుకుతుంది.

నెలాఖరుకు నివేదికలో క్లిక్కులను కాదు, ఆర్డర్లను చూడండి. పట్టికకు క్లిక్కులు ఎక్కువ, ఆర్డర్లు సున్నా అయితే జనం ధర చూసి పోతున్నారని అర్థం. పేరా లింకుకు తక్కువ క్లిక్కులు, ఒక ఆర్డరు ఉంటే అలాంటి పేరాలు ఇంకో రెండు రాయండి. చేతివేళ్లతో లెక్కపెట్టగల ఆర్డర్లున్నంత కాలం బటన్ రంగు ఎరుపా పసుపా అని పరీక్షలు పెట్టకండి, ఆ లెక్కలో ఏదీ తేలదు. దసరా ముందు పెద్ద సేల్ నడిచే రోజుల ఆర్డర్లను మాత్రం పక్కకు తీసి చూడండి, ఆ వారంలో బ్యానర్ మీద నొక్కినవారు కూడా కొంటారు.